రూపాయీ డాలరూ ఎప్పుడు సమానమయ్యాయి బాబాయ్?

డబ్బు చరిత్ర చదువుకుని, దాన్నే పాఠం చెప్పుకుంటూ బతుకుతున్నందుకు ఆగస్టు 15 వస్తోందంటే నాకు టెన్షన్. ఈసారి ఫార్వర్డ్ పంపింది మా బాబాయ్. అందులో ఉన్నదిది: 1917లో ఒక రూపాయికి 13 డాలర్లు వచ్చేవట. 1947లో రూపాయీ డాలరూ సమానమట, దేశానికి అప్పు లేదు గనక. తర్వాత అప్పులు చేసి రూపాయిని ముంచారట.

ముందు 1947 సంగతి. అప్పుడు రూపాయి రేటు తేల్చింది బజారు కాదు, చట్టం. 1927లోనే రూపాయిని బ్రిటన్ డబ్బులో 1 షిల్లింగు 6 పెన్నీలకు కట్టేశారు (పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు). అంటే పౌండుకు 13 రూపాయల ఐదణాల చిల్లర. 1947లో పౌండుకు 4.03 డాలర్లు. భాగించి చూడండి, డాలరుకు సుమారు 3 రూపాయల 31 పైసలు. ఇది నేను కూర్చుని కట్టిన లెక్కేమీ కాదు. 1946 డిసెంబరులో అంతర్జాతీయ ద్రవ్యనిధి ప్రకటించిన రేట్లలోనూ డాలరుకు 3.3085 రూపాయలనే ఉంది.

హైదరాబాద్ సంస్థానంలోనైతే ఆ రూపాయి కూడా వేరే. బ్రిటిష్ రూపాయిని కల్దార్ అనేవాళ్లు, నిజాం రూపాయి హాలీ సిక్కా. 6 కల్దార్లు కావాలంటే 7 హాలీలు ఇవ్వాలి. మా నానమ్మ పెట్టెలో చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ రూపాయి ఒకటి ఇప్పటికీ ఉంది. ఆ లెక్కన డాలరు కొనాలంటే అలాంటివి దాదాపు నాలుగు కావాలి.

1917 మాట మరీ విడ్డూరం. అప్పటి వెండి రూపాయి సరిగ్గా తులం బరువు, 11.66 గ్రాములు. అమెరికా వెండి డాలరు 26.73 గ్రాములు. త్రాసులో పెడితేనే తెలిసిపోతుంది! అప్పటి మారకం రేటు ప్రకారం రూపాయికి వచ్చేది 30 సెంట్ల పైచిలుకు. పౌండుకు 13 రూపాయలన్న తర్వాతి కాలపు లెక్కను ఎవరో తిరగేసి, పౌండు తీసేసి డాలరు పెట్టారని నా అనుమానం.

అప్పు విషయంలో మాత్రం ఫార్వర్డ్‌లో సగం నిజం ఉంది. యుద్ధకాలంలో బ్రిటన్ మన దగ్గర సరుకు, సైన్యం వాడుకుని, డబ్బు బదులు లండన్‌లో ఖాతా రాసింది. 1947 నాటికి మనకు రావాల్సిందే వెయ్యి కోట్ల రూపాయలకు పైన. అయినా డాలరు 3.31 దగ్గరే ఉంది, రూపాయికి దిగిరాలేదు. అప్పు లేకపోతే రేటు ఒకటికి ఒకటి కావాలన్న సూత్రం ఎక్కడా లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక మొదటిసారి రూపాయి పడింది 1949 సెప్టెంబరులో. బ్రిటన్ పౌండును 4.03 నుంచి 2.80 డాలర్లకు తగ్గించింది, మనమూ వెంట నడిచాం. డాలరు 4.76 రూపాయలైంది. పాకిస్తాన్ తగ్గించనందుకు వాళ్ల 100 రూపాయలకు మన 144 ఇవ్వాల్సి వచ్చింది. అప్పుల ఒత్తిడి నిజంగా కనిపించేది 1966 జూన్‌లో. రెండు యుద్ధాలు, కరువు, విదేశీ సాయం ఇచ్చేవాళ్ల షరతులు కలిసి డాలరును 7.50కి చేర్చాయి.

డాలరుకు ఎన్ని వస్తాయన్నదే గొప్పతనమైతే, 1949లో 360 యెన్‌ల దగ్గర మొదలుపెట్టిన జపాన్ ఏమైపోవాలి?

ఇదంతా టైప్ చేసి బాబాయ్‌కి పంపాను. పది నిమిషాలకు జవాబొచ్చింది: "అది సరేగానీ, అమ్మ పెట్టెలో హాలీ రూపాయి ఇప్పుడు అమ్మితే ఎంతొస్తుందిరా?"