సవరణ: ‘పట్టించుకోకండి’ అన్న మాట గురించి

పిల్లలు మారాం చేసినా, కుక్క మన మీదికి ఎగబడినా పట్టించుకోకుంటే చాలు, ఆ అలవాటు దానంతటదే పోతుందని పోయిన వారం రాశాను. అది సగమే నిజం. పట్టించుకోవడం మానగానే గోల ముందు పెరగొచ్చు. అప్పుడు లొంగితే, ఇంకా గట్టిగా అరవమని మనమే నేర్పినట్టు!

రెండో సగం మెచ్చుకోలు. అమలాపురంలో మా కుక్క బురద కాళ్లతో నా పంచె మీదికి ఎగిరేది. నాలుగు కాళ్లూ నేలమీద ఆనిన క్షణంలోనే ‘శభాష్’ అని మెడ నిమిరాను. పది నిమిషాలాగి మెచ్చుకుంటే, ఎందుకు మెచ్చుకున్నామో కుక్కకు తెలియదు. మనవరాలికైతే ‘మంచిపిల్లవి’ అనడంకన్నా ‘చెప్పులు అరుగు కింద సర్దావే’ అనడం మేలు.

కాలవ గట్టున పరుగెత్తే పిల్లల విషయంలో మాత్రం నా పాత సలహా పూర్తిగా తప్పు. ముందు చెయ్యి పట్టుకుని వెనక్కి లాగండి.