చుక్కకు కాగితం ఎందుకు?

(బెంగళూరు, యలహంక. ఆదివారం ఉదయం. చిన్నాయన తన ఆడగుర్రం చుక్కను దేవనహళ్లి వైపు తోట ఉన్న స్నేహితుడికి ఏడాది పాటు ఊరికే ఇద్దామనుకుంటున్నాడు. అన్న కూతురు లాయరు. అడగకుండానే ఒప్పందం ఒకటి రాసుకొచ్చింది. గొడవ అక్కడ మొదలైంది.)

చిన్నాయన: ధర్మవరంలో ఒకే బెంచీ మీద కూర్చుని చదివినోళ్లం. వాడి ముందు కాగితం పెట్టి సంతకం చెయ్యమనాలా? ఏ మొహం పెట్టుకుని అడిగేది?

లాయరమ్మ: నువ్వు రాయకపోతే ఒప్పందం లేనట్టు కాదు చిన్నాయనా. 1872లోనే రాసిపెట్టేశారు. కాంట్రాక్టు చట్టంలో బెయిల్‌మెంట్ అని ఒక అధ్యాయం ఉంది. సొంతదారు మారకుండా వస్తువు ఇంకొకరి చేతికి పోవడం. అందులో ఉదాహరణలకు గుర్రాలనే తెచ్చారు, తెలుసా?

చిన్నాయన: గుర్రాలనా? కార్లు లేని కాలం కదా, ఇంకేం తెస్తారు.

లాయరమ్మ: 154వ సెక్షన్ విను. ఒకడు 'నీ సవారీకి మాత్రమే' అని గుర్రాన్ని అరువిచ్చాడు. తీసుకున్నవాడు ఇంట్లో మనిషిని ఎక్కించాడు. ఆ మనిషి జాగ్రత్తగానే తోలాడు. అయినా గుర్రం పడింది, దెబ్బ తగిలింది. నష్టం కట్టాల్సింది అరువు తీసుకున్నవాడే. మీ స్నేహితుడికి కాలేజీ చదివే కొడుకున్నాడు కదా?

చిన్నాయన: ఉన్నాడు. ఎక్కుతాడు. ఎక్కనీ, నేనేమన్నా వాడి దగ్గర నష్టం వసూలు చేస్తానా?

లాయరమ్మ: చెయ్యవు. అందుకే 'కొడుకు కూడా ఎక్కవచ్చు' అని ఒక్క లైను రాయి. అది నీకోసం కాదు, ఆయన కోసం. ఇంకోటి. చుక్క స్కూటర్ పక్కనుంచి పోతే బెదురుతుంది. చెప్పావా?

చిన్నాయన: చెప్పినా.

లాయరమ్మ: ఎప్పుడు?

చిన్నాయన: మొన్న, వాళ్లింట్లో పెసరట్టు తింటూ.

లాయరమ్మ: పెసరట్టు కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పదు. గుర్రానికి పొగరుందని తెలిసీ చెప్పకుండా ఇస్తే, అది పరుగు తీసి మనిషిని పడేస్తే, బాధ్యత ఇచ్చినవాడిది. 150వ సెక్షన్ ఉదాహరణ కూడా గుర్రమే. బాడుగకిస్తే మరీ ఘోరం, లోపం నీకు తెలియకపోయినా బాధ్యత నీదే.

చిన్నాయన: సరే, నీ కాగితంలో మేత గురించి ఏం రాశావు?

లాయరమ్మ: 'తగిన మేత, నీరు ఇవ్వవలెను.'

చిన్నాయన: (నవ్వుతూ) తగిన అంటే ఎన్ని కిలోలు? నాలుగున్నర క్వింటాళ్ల గుర్రం. రోజుకు తక్కువలో తక్కువ ఏడెనిమిది కిలోల ఎండుమేత కావాలి. నీళ్లు మామూలుగా పాతిక లీటర్ల పైమాటే, ఎండాకాలం ఇంకా ఎక్కువ. ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి గిట్టలు చెక్కించి లాడాలు చూపించాలి. గుర్రానికి వాంతి రాదు పాపా. కడుపులో ఏది చెడినా లోపలే తిరుగుతుంది. కోలిక్, అంటే ఆ కడుపునొప్పి వచ్చిందంటే గంటల్లో చచ్చిపోవచ్చు. రాత్రి రెండింటికి అది నేల మీద పొర్లుతుంటే నీ 'తగిన' ఏం చేస్తుంది? చూసేది మనిషి. ఆ మనిషిని నమ్మే కదా ఇస్తున్నా.

లాయరమ్మ: రాత్రి రెండింటికి నీ ఫోన్ స్విచాఫ్. డాక్టరు ఆపరేషన్ అంటాడు. సరే అనాలా వద్దా? డబ్బు ఎవరిది? ఆ టెన్షన్‌లో నీ స్నేహితుడు ఏం చేసినా తప్పే అవుతుంది. చేయిస్తే 'ఇంత ఖర్చు ఎందుకు పెట్టావ్', చేయించకపోతే 'చంపేశావ్'. నువ్వు చెప్పిన లెక్కలన్నీ నా కాగితంలోకి రావాలి. నాకు తెలియక 'తగిన' అని రాశాను, ఒప్పుకుంటా.

చిన్నాయన: ఒప్పుకున్నావ్ కదా. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు. కాగితం ఉన్నా దాణా ఖర్చు ఉంటుంది.

లాయరమ్మ: ఆ ఖర్చు ఎవరిది? అసలు చుక్కను ఎందుకిస్తున్నావ్?

చిన్నాయన: మోకాళ్లు పోయాయి, ఎక్కలేను. లాయం బాడుగ నెలనెలా కడుతున్నా. వాడు తోటలో ఉంచుకుంటానన్నాడు.

లాయరమ్మ: చూశావా! ఆయన సవారీ కోసం అరువిస్తున్నావా, నీ గుర్రాన్ని ఆయన దగ్గర ఉంచుతున్నావా? రెండూ ఒకటి కాదు. పైసా తీసుకోకుండా నీకోసం ఉంచుకుంటే, అవసరమైన ఖర్చులు తిరిగి ఇవ్వాల్సింది నువ్వే. 158వ సెక్షన్. ఏడాది తర్వాత ఆయన 'నీకోసమే కదా సాకాను' అంటే?

(చిన్నాయన కాసేపు మాట్లాడలేదు. గ్లాసులో కాఫీ మీద మీగడ కట్టింది.)

చిన్నాయన: వాడు అనడు.

లాయరమ్మ: వాళ్లావిడ అనొచ్చు.

చిన్నాయన: ...అది నిజం. మేత వాడిది, డాక్టరు ఖర్చు నాది అని రాయి. అక్కడ దించేముందు గ్లాండర్స్ అనే గుర్రాల అంటురోగానికి రక్తపరీక్ష, ధనుర్వాతం టీకా నేనే చేయిస్తా. లారీలో తీసుకుపోయేటప్పుడు ప్రయాణానికి బాగుందని డాక్టరు సర్టిఫికెట్ కూడా. గ్లాండర్స్ మనుషులకూ అంటుకుంటుంది, అందులో మొహమాటం లేదు.

లాయరమ్మ: చుక్క పాస్‌పోర్టు, అదే దాని గుర్తింపు పుస్తకం, అసలుది నీ దగ్గరే ఉంచుకో, నకలు ఇవ్వు. తోటలో పోతుగుర్రం ఉందా?

చిన్నాయన: పక్క తోటలో ఉంది. ఎందుకు?

లాయరమ్మ: చుక్క ఈనితే పిల్ల నీదే. 163. అక్కడ మాత్రం ఆవు, దూడ ఉదాహరణ. ఏడాదికి ముందే వెనక్కి అడగొచ్చు కూడా. కాకపోతే ఆయన నీ మాట నమ్మి కొత్త లాయం కట్టించుకుని, లాభం కంటే ఎక్కువ నష్టపోతే అది నువ్వు పూడ్చాలి. ఇక చూడకుండా వదిలేస్తే జంతుహింస చట్టం సొంతదారునీ వదలదు. ఇచ్చేశాను అంటే కుదరదు.

చిన్నాయన: వదిలేదెవరు? ప్రతి ఆదివారం పోతా. దానికి కాగితం అక్కర్లేదు.

లాయరమ్మ: చివరిది ఒకటుంది. ఊరికే ఇచ్చింది ఇద్దరిలో ఎవరు పోయినా అక్కడితో ముగుస్తుంది. 162.

చిన్నాయన: అంటే నేను పోతే చుక్కను ఎవరు తెచ్చుకోవాలి?

లాయరమ్మ: అదే రాయాలి.

చిన్నాయన: నీ పేరు రాసుకో.

లాయరమ్మ: నాకు గుర్రాలంటే భయం చిన్నాయనా!

చిన్నాయన: ఎడమవైపు నుంచి దగ్గరికి పో, ముందు మెడ నిమురు. అది కూడా రాసుకో.