సవరణ: బ్యాంకు వాల్యుయేషన్ వేరు, ఇంటి తనిఖీ వేరు

ఇల్లు కొనడానికి లోన్ ఇచ్చే ముందు బ్యాంకు తరఫు మనిషి వచ్చి ఇల్లు చూస్తాడు కాబట్టి విడిగా తనిఖీ అక్కర్లేదని ఇంతకుముందు రాశాను. అది తప్పు. నా మాట నమ్మి ఎవరైనా తనిఖీ మానుకుని ఉంటే క్షమించండి. రిజిస్ట్రేషన్ ఇంకా కాకపోతే ఇప్పుడైనా చేయించండి.

బ్యాంకు చూసుకునేది తన అప్పుకు ఆ ఇంటి విలువ సరిపోతుందా అనే. పైకప్పు కారుతోందా, గోడల్లో చెమ్మ ఉందా, ఎర్తింగ్ సరిగ్గా ఉందా అన్నది మీరు పెట్టుకున్న ఇంజనీరు చూడాలి. ఆయనైనా గోడలు పగలగొట్టి చూడడు, కంటికి కనిపించిందే రాస్తాడు. అందుకే ఒక్క గోడకే కొత్తగా రంగు వేసి ఉంటే కారణం అడగండి. భూమిలోని డ్రైనేజీ పైపుకు కెమెరా పరీక్ష వేరుగా చేయించుకోవాలి. కొత్త ఇంటికైనా ఇంతే. వీలైతే వాన పడిన మర్నాడు వెళ్లండి, చెమ్మ బాగా కనిపిస్తుంది.