తిరిగితేనే మర

వాషింగ్టన్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లలో రాక్ క్రీక్ పార్కుకు వెళ్లనివాళ్లు తక్కువ. పిల్లల్ని తీసుకుని వెళ్తాం, వాగు పక్కన కాసేపు నడుస్తాం, జూ చూసి ఇంటికొస్తాం. అదే పార్కులో, టిల్డెన్ స్ట్రీట్ బీచ్ డ్రైవ్‌ని కలిసే చోట, రాతి గోడల పాత మిల్లు ఒకటుంది. పేరు పియర్స్ మిల్. దాని ముందు ఫొటోలు దిగినవాళ్లు మనలో చాలామందే. లోపలికి వెళ్లి, పిండి ఆడుతుంటే నిలబడి చూసినవాళ్లు బహుశా వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ మిల్లు ఇప్పటికి మూడుసార్లు ఆగిపోయింది, మూడుసార్లు లేచి నిలబడింది. ఎందుకు ఆగిందో, ఎలా లేచిందో తెలుసుకుంటే, ఇక్కడి మన తెలుగు సంఘాలు సొంత ఊళ్లకు డబ్బు పంపే పద్ధతి మీద కూడా కొన్ని ప్రశ్నలు పుడతాయి. నా బాధ అదే కాబట్టి ఇది రాస్తున్నాను.

ముందు ఆ పొలం సంగతి. ఐజక్ పియర్స్ పెన్సిల్వేనియాలో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబం నుంచి వచ్చినవాడు, మిల్లులు కట్టే పనివాడు. 1794లో రాక్ క్రీక్ లోయలో భూమి కొన్నాడు. ఇల్లు, కొట్టం, పండ్ల మొక్కల తోట, సారా బట్టీ, 1801లో ఊట మీద ఒక రాతి గది, వాగు నీళ్లతో నడిచే రంపపు మిల్లు, పిండి మిల్లు ఇలా ఒక్కొక్కటే పెరిగి, ఆ కుటుంబ కమతం ఒక చిన్న ఊరంత అయింది. ఇప్పుడు మనం చూసే మిల్లు 1820లలో, దగ్గర్లోనే తవ్వి తీసిన రాయితో కట్టింది. ఆ కాలంలో రాక్ క్రీక్ పొడవునా ఎనిమిది మిల్లులు తిరిగేవట. నేడు మిగిలింది ఈ ఒక్కటే.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. క్వేకర్లలో చాలామంది బానిసత్వాన్ని ఎదిరించారు. కానీ ఈ కుటుంబం బానిసల చేత పని చేయించుకుంది. 1862 ఏప్రిల్‌లో లింకన్ సంతకం చేసిన చట్టంతో వాషింగ్టన్‌లోని బానిసలకు విముక్తి వచ్చేదాకా ఆ పొలం వాళ్ల చెమట మీదే నడిచింది. ఆ గోడల్ని చూసి "ఎంత బాగా కట్టారో" అనుకునేటప్పుడు, మోసిందెవరు, పేర్చిందెవరు అని కూడా పిల్లలకు చెప్పాలి. పాతదాన్ని బాగు చేయడంలో ఇదీ ఒక భాగమే అని నా నమ్మకం.

1890లో పార్కు ఏర్పడ్డాక ఆ లోయ అంతా ప్రభుత్వం చేతికి వచ్చింది. 1897లో మిల్లు ప్రధాన ఇరుసు విరిగింది. బాగు చేయించే తొందర ఎవరికీ లేదు. ఆవిరితో నడిచే పెద్ద రోలర్ మిల్లులు అప్పటికే వచ్చేశాయి. కొన్నాళ్లకు ఆ భవనంలో టీ హౌస్ పెట్టారు. ఆర్థిక మాంద్యం రోజుల్లో, 1935-36లో, ప్రభుత్వం మళ్లీ యంత్రాలు బిగించి తిప్పింది. ఆ విడత చాలా ఏళ్లు నడిచింది. దానికి కారణం నాకు ఒకటే కనిపిస్తుంది. ఆడిన పిండి ప్రభుత్వ కార్యాలయాల క్యాంటీన్లకు వెళ్లేది. పిండి కావాలనేవాళ్లు ఉన్నారు, కాబట్టి మిల్లర్‌కి జీతం ఉంది, కాబట్టి మర తిరిగింది. 1958లో ఆగిపోయింది. పని తెలిసిన మిల్లర్ దొరకలేదు, కాలువలో నీళ్లూ సరిగ్గా రాలేదు. 1970 ప్రాంతంలో మళ్లీ తిప్పారు. 1993 నాటికి లోపలి చెక్క యంత్రాలు పాడై, తిప్పితే ప్రమాదమనే స్థితికి వచ్చింది. గోడలు మాత్రం ఎప్పట్లాగే చెక్కుచెదరలేదు.

పాడైన తీరు వింటే మనసు చివుక్కుమంటుంది. చెక్కతో చేసిన నీటి చక్రం తిరుగుతూ ఉన్నంతకాలం అన్ని వైపులా సమానంగా తడుస్తుంది. ఆగిందంటే కింది భాగం తేమలో నానుతుంది, పై భాగం ఎండకు ఎండి బీటలు తీస్తుంది. కొన్నాళ్లకు ఒక వైపు బరువెక్కి, మళ్లీ తిప్పినా ఊగుతుంది. ఇనుప కడ్డీ చెక్క ఇరుసులోకి దిగే చోట నీరు చేరి లోపల్నుంచి కుళ్లుతుంది, బయటికి కనిపించదు. వాడుతున్న మర వాడకంతోనే బాగుంటుంది. అద్దాల వెనక పెట్టి కాపాడదామంటే కుదిరే వస్తువు కాదిది.

1997లో కొందరు స్థానికులు "ఫ్రెండ్స్ ఆఫ్ పియర్స్ మిల్" అనే సంఘం పెట్టారు. చందాలు వసూలు చేశారు, పాత మిల్లుల పని తెలిసిన వడ్రంగుల్ని పిలిపించారు, కుళ్లిన దూలాలు మార్పించారు. తర్వాత ఆర్థిక ఉద్దీపన పథకం కింద ఫెడరల్ నిధులు కూడా వచ్చాయి. 2011 అక్టోబరులో చక్రం మళ్లీ తిరిగింది. సంఘం పెట్టిన రోజు నుంచి పద్నాలుగేళ్లు. అన్నేళ్లు ఒక్క మర కోసం పట్టుబట్టి కూర్చోవడం మామూలు విషయం కాదు. వాళ్లెవరో నాకు పరిచయం లేదు, అయినా వాళ్లంటే నాకు గౌరవం.

ఇప్పుడు ఆ చక్రం మీద పడేది పంపుతో తోడి పోసే నీళ్లు. ఇది తెలిసి కొందరు "అయితే ఇంకేముంది, బొమ్మేగా" అంటారు. నేను ఒప్పుకోను. ఎగువన ఇళ్లు, రోడ్లు, పార్కింగ్ స్థలాలు పెరిగి వాగు స్వభావమే మారిపోయింది. వానొస్తే ఒక్కసారిగా పొంగుతుంది, ఇసుకా మట్టీ కొట్టుకొస్తుంది. పంపు పెట్టడం ఆ మార్పుకు దొరికిన దారి. చక్రం నుంచి రాయి దాకా మిగతాదంతా నిజమైన పనే.

ఆ పని ఎలా ఉంటుందో పిండి ఆడించే రోజున వెళ్లి దగ్గర్నుంచి చూడండి. బయట చక్రం తాపీగా తిరుగుతుంటుంది. లోపల పెద్ద పళ్ల చక్రాలు ఆ వేగాన్ని పెంచి పై రాయికి అందిస్తాయి. కింది రాయి కదలదు. రెంటి మధ్య సందు కాగితం మందం. గింజ పడకుండా రాళ్లు తిరిగితే ఒకదానికొకటి రాసుకుని నిప్పురవ్వలు లేస్తాయి. పిండి దుమ్ము నిండిన గదిలో నిప్పురవ్వ అంటే భవనమే ఎగిరిపోవచ్చు. అందుకే మిల్లర్ చెవి ఎప్పుడూ రాయి చప్పుడు మీద, చెయ్యి పిండి జారే గొట్టం దగ్గర ఉంటాయి. పిండిని రెండు వేళ్ల మధ్య నలిపి చూస్తాడు. బరకగా తగిలితే పై రాయిని వెంట్రుకవాసి దించుతాడు, వేడిగా తగిలితే ఎత్తుతాడు. కొన్నాళ్లకు రాళ్ల మీద గాళ్లు అరిగిపోతాయి. అప్పుడు పై రాయిని ఎత్తి, తిరగేసి, మళ్లీ కక్కు కొట్టాలి. మన వీధుల్లో రోళ్లకు, తిరగళ్లకు కక్కు కొడతామంటూ కేకేసుకుంటూ వచ్చేవాళ్లు గుర్తున్నారా? అదే పని. కాకపోతే ఇక్కడ రాయి టన్ను బరువు. ఇదంతా పుస్తకం చదివితే వచ్చేది కాదు, ఒక మిల్లర్ పక్కన నిలబడి నేర్చుకోవాల్సిందే. 1958లో మర ఆగిపోవడానికి అలా నిలబడే మనిషి లేకపోవడం కూడా ఒక కారణం.

వర్జీనియా వైపు ఉన్నవాళ్లకు ఇంకా దగ్గర్లోనే రెండున్నాయి. ఆల్డీ మిల్లు 1807-09 మధ్య కట్టింది. మూర్ కుటుంబం తరతరాలుగా నడిపి 1971లో ఆపేసింది, పదేళ్ల తర్వాత ఆ ఇంటివాళ్లే దాన్ని ప్రజలకు రాసిచ్చారు. రెండు ఇనుప చక్రాలు పక్కపక్కన ఉండే మిల్లు అది. అమెరికా అంతర్యుద్ధంలో, 1863 మార్చిలో, దక్షిణాది సైనికుల దాడికి భయపడి ఉత్తరాది సైనికులు కొందరు ఈ మిల్లులోనే దాక్కుంటే ఒళ్లంతా పిండితో బయటికి లాగారని చెప్తారు. ఇవాళ ఆల్డీలో, యాష్‌బర్న్‌లో మనవాళ్ల ఇళ్లు ఎన్నో. ఆ మిల్లు రూట్ 50 పక్కనే ఉంది. గ్రేట్ ఫాల్స్ దగ్గర కాల్విన్ రన్ మిల్లు 1811 ప్రాంతంలోది. 1965లో ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ పార్కుల శాఖ తీసుకుని బాగు చేయించింది. అక్కడ ఆడించిన గోధుమపిండి, మొక్కజొన్నపిండి అక్కడే అమ్ముతారు. ఆ మొక్కజొన్నపిండితో మా ఇంట్లో రొట్టెలు చేశాం. గోంగూర పచ్చడితో చాలా బాగున్నాయి. రెండు మూడు కుటుంబాలు కలిసి వెళ్లి నాలుగు సంచులు తెచ్చుకుంటే, అది కూడా ఆ మరకు చేసిన సాయమే.

ఇక మన ఊళ్ల సంగతి. మన దగ్గర వాగుల మీద పిండి మిల్లుల కంటే చెరువులే పెద్ద ఆస్తి. చెరువుకు కట్ట, తూము, అలుగు ఎంత ముఖ్యమో నీరటి అంత ముఖ్యం. రాయలసీమలో నీరుగంటి అంటారు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు, వానరాత్రి కట్ట ఎక్కడ జారుతోంది, అన్నీ చూసేది ఆ మనిషే. పంట చేతికొచ్చాక రైతులు కల్లంలో మేర, అంటే అతని వంతు ధాన్యం, కొలిచి ఇచ్చేవాళ్లు. 2015లో తెలంగాణ ప్రభుత్వం మిషన్ కాకతీయ కింద 46 వేలకు పైగా చెరువులు బాగు చేస్తామని మొదలుపెట్టినప్పుడు నాకు చాలా సంతోషమేసింది. పూడిక తీశారు, ఆ మట్టిని రైతులు పొలాలకు తోలుకున్నారు. మంచి పని. కానీ పూడిక ఒక ఎండాకాలంలో తీసే పని, తూము చూసుకోవడం ఏడాది పొడుగునా చేసే పని. రెండో దానికి జీతం ఎక్కణ్ణుంచి వస్తుందో తేల్చకపోతే మొదటిది ఎన్నాళ్లు నిలుస్తుంది?

మన సంఘాలు చేసే సాయంలోనూ ఇదే లోటు. ఊరి ముఖద్వారం కడతాం, బడికి రెండు గదులు కడతాం, వాటర్ ప్లాంట్ పెట్టిస్తాం, శిలాఫలకం మీద పేర్లు వేయిస్తాం. ఫిల్టర్లు మార్చే ఖర్చు, మోటారు కాలిపోతే చుట్టించే ఖర్చు, చూసుకునే మనిషి జీతం ఏ పద్దులోనూ ఉండవు. ఇస్తున్నవాళ్ల మనసును నేను తప్పు పట్టడం లేదు. ఇచ్చే చెయ్యి పెద్దదే. కానీ కట్టడానికి ఇచ్చినంత ఇష్టంగా నడపడానికి ఇవ్వం, ఎందుకంటే నడపడానికి రిబ్బన్ కటింగ్ ఉండదు. పాత ఇల్లు, పాత గుడి, తాతల నాటి గానుగ, చెరువు తూము, ఏది బాగు చేయించినా మొదటి ప్రశ్న "ఎంత ఖర్చవుతుంది" అని కాకుండా "రేపట్నుంచి దీన్ని వాడేదెవరు, చూసుకునేదెవరు" అని ఉండాలంటాను.

"పరాయి దేశంలో ఎవరిదో పొలం, ఎవరిదో మిల్లు, మనకెందుకు" అని ఒక పెద్దాయన నన్ను అడిగారు. ఆయన ప్రశ్న సబబైనదే. నా జవాబు ఇది: మన పిల్లలు పుట్టి పెరుగుతున్నది ఈ వాగు పక్కనే. ఇక్కడ ఏం పండింది, ఎవరు పండించారు, ఎవరు బానిసలుగా పండించాల్సి వచ్చింది అన్నది వాళ్లు బతికే నేల కథ. పైగా, పాతదాన్ని నడుపుకుంటూ కాపాడే విద్య మనం ఇక్కడ దగ్గర్నుంచి చూసి నేర్చుకోవచ్చు. పియర్స్ మిల్‌కు వాలంటీర్లు కావాలి, మన హైస్కూలు పిల్లలకు బడి లెక్కలోకి వచ్చే సమాజ సేవా గంటలు కావాలి. ఇంతకంటే మంచి జోడీ ఎక్కడ దొరుకుతుంది?

మన సంఘం వచ్చే బడ్జెట్ సమావేశంలో నేను రెండు ప్రతిపాదనలు పెట్టబోతున్నాను. సంఘం తరఫున ఊళ్లో ఏ కట్టడానికి డబ్బు మంజూరు చేసినా, అందులో ఐదో వంతు మొదటి ఐదేళ్ల నిర్వహణ కోసం విడిగా డిపాజిట్ చేయాలి, చూసుకునే మనిషి ఎవరో దరఖాస్తులోనే రాసి ఉండాలి. రెండోది, పియర్స్ మిల్‌కు ఏటా ఒక చిన్న మొత్తం, తప్పకుండా ఏటా, పంపాలి. ఒక్కసారి పెద్ద చెక్కు రాసి మరిచిపోవడం వద్దు. వ్యతిరేకించేవాళ్లు ఉంటే సమావేశానికి తప్పకుండా రండి, మాట్లాడుకుందాం. సమర్థించేవాళ్లు పది మందిని వెంటపెట్టుకుని రండి.