రొయ్య కేసులో మా మామగారు

కార్తీకమాసంలో ఉల్లిపాయ కూడా గడప దాటని ఇల్లు మాది, అలాంటి ఇంట్లో మా ఏడేళ్ల బుడ్డోడికి దద్దుర్లొచ్చాయని అలర్జీ రక్తపరీక్ష చేయిస్తే రొయ్యలు పాజిటివ్ అని వచ్చింది. ఇక చూస్కోండి, వేసవి సెలవలకి వాణ్ణి కాకినాడ తీసుకెళ్లిన మా మామగారి మీద మూడ్రోజులు విచారణ కమిషన్ నడిచింది. సముద్రం చూపించానే గానీ రొయ్యని చూపించలేదు మొర్రో అని ఆయన, నాన్నా నిజం చెప్పు అని మా ఆవిడ.

తీరా చూస్తే అసలు దొంగ పరుపులో ఉంది. మన ఉక్కపోత ఊళ్లలో పరుపు దుమ్ములో బతికే కంటికి కనపడని పురుగులు, వంటింటి బొద్దింకలు, రొయ్యలు, వీటన్నిట్లో ట్రోపోమయోసిన్ అని ఇంచుమించు ఒకేలాంటి ప్రోటీన్ ఉంటుందట, అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు పరుపు పురుగు మీదో బొద్దింక మీదో ఒళ్లు పెంచుకున్న కోపం రిపోర్టులో రొయ్య పేరు మీద తేలుతుంది. పైగా టోటల్ ఐజీఈ (అలర్జీలో రక్తంలో పెరిగే యాంటీబాడీ) ఆకాశంలో ఉంది, అదేమో కడుపులో నులిపురుగులున్నా పెరుగుతుందట.

బెంగుళూరు, మైసూరు వైపు పెద్దవాళ్ల మీద చేసిన సర్వేలో 26.5 శాతం మందికి రక్తంలో ఏదో ఒక తిండి పాజిటివ్, నిజంగా అలర్జీ ఉండొచ్చని తేలింది మాత్రం 1.2 శాతం. మధ్యలో ఉన్న ఆ పాతిక శాతాన్ని ఖాళీగా వదిలేస్తే ల్యాబులు బతికేదెట్లా?

మా బాబాయి కొడుకైతే ఇంకో మెట్టు పైన, రెండొందల రకాల తిండికి ఐజీజీ అనే ఇంకో యాంటీబాడీ ప్యానెల్ చేయించాడు. అన్నం, కందిపప్పు, పెరుగు, చింతపండు అన్నీ ఎర్ర గీతలే. ఐజీజీ అంటే ఆ తిండి నువ్వు తిన్నావని ఒళ్లు వేసుకున్న హాజరు, అలర్జీ తేల్చడానికి అది పనికిరాదని యూరప్, అమెరికా అలర్జీ డాక్టర్ల సంఘాలు ఎప్పుడో చెప్పేశాయి. వాడు పప్పన్నం తింటాడని తెలుసుకోడానికి అన్ని వేలెందుకురా, మా పిన్నినడిగితే ఫ్రీగా చెప్పేది!

చివరికి పిల్లల డాక్టరుగారు రిపోర్టు పక్కన పెట్టి మా నానమ్మ అడిగే ప్రశ్నలే అడిగారు, ఏం తిన్నాడు, తిన్న ఎంతసేపటికొచ్చింది, అంతకుముందు అదే తింటే వచ్చిందా అని. (నానమ్మ అయితే ఇవన్నీ విని కూడా చివరికి వంకాయనే దోషిగా తేలుస్తుంది, అది వేరే సంగతి.) అప్పటికీ అనుమానముంటే ఆస్పత్రిలోనే కూర్చోబెట్టి కొంచెం కొంచెంగా తినిపించి చూస్తారట. తిన్న కాసేపటికే పెదాలు వాచి, ఆయాసమొస్తే మాత్రం జోకుల్లేవు, వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాలి, అక్కడ ముందు పడాల్సింది అడ్రినలిన్ ఇంజెక్షనే. మా వాడివి జలుబు తర్వాత వచ్చిన దద్దుర్లు, వాటంతటవే పోయాయి.

మొన్న మామగారొచ్చారు. మనవడికి కాజాలు, పరుపుకి జిప్పున్న కొత్త కవరు తెచ్చారు. నాతో ఇంకా మాట్లాడట్లేదు.