ఆంచెలొట్టిని తిట్టే అర్హత అందరికీ లేదు

మా ఫుట్‌బాల్ వాట్సాప్ గ్రూపులో ఇందాకే ఒక మహానుభావుడు మీమ్ పెట్టాడు. ఫుట్‌బాల్ కోచ్ కార్లో ఆంచెలొట్టి ఎడమ కనుబొమ్మ పైకెత్తి నిలబడ్డ ఫొటో, కింద "ఈయన ట్యాక్టిక్స్ మొత్తం ఇంతే" అని. దాని కింద వరసగా నవ్వే బొమ్మలు. ఇంకొకాయన తగులుకుని "అలాంటి ప్లేయర్లను ఇస్తే మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూడా కప్పు కొడతాడు బ్రో" అన్నాడు. పెద్ద సమాధానమే టైపు చేసి, తుడిపేసి, ఇక్కడికొచ్చాను. అక్కడ రాస్తే అడ్మిన్ వచ్చి "లైట్ తీసుకో అన్నా" అంటాడు. నేను లైట్ తీసుకోను.

ముందు ఆ వాచ్‌మన్ సంగతి తేలుద్దాం. 2022 మార్చిలో పారిస్ సెయింట్ జర్మేన్‌కి మెస్సీ, నెయ్‌మార్, ఎంబాపె ముగ్గురూ ఉన్నారు. యూరప్ క్లబ్బుల పెద్ద కప్పు ఛాంపియన్స్ లీగ్‌లో వాళ్లకు ఎదురుపడింది ఆంచెలొట్టి కోచ్‌గా ఉన్న రియల్ మాడ్రిడ్, ఒక్కొక్కరి ఊళ్లో ఒక్కో మ్యాచ్, అంటే రెండు లెగ్‌లు. మొదటి లెగ్ పారిస్ వాళ్లే గెలిచారు. మాడ్రిడ్‌లో రెండో లెగ్‌లోనూ ఎంబాపె ముందు గోల్ కొట్టాడు. ఆ తర్వాత ఏమైంది? 17 నిమిషాల్లో మాడ్రిడ్ ఆటగాడు బెంజెమా మూడు కొట్టి అందరినీ ఇంటికి పంపాడు. పాపం, ఆ రోజు పారిస్ వాళ్లకు మీ వాచ్‌మన్ డ్యూటీలో ఉండి దొరకలేదు కాబోలు.

అదే ఏడాది మేలో మాంచెస్టర్ సిటీతో సెమీస్. రెండు లెగ్‌లూ కలిపి రెండు గోల్స్ వెనకబడ్డారు, గడియారం 90 దగ్గర ఉంది. మన దగ్గర అప్పటికి అందరూ టీవీ కట్టేసి పడుకునే టైమ్. రోడ్రిగో నిమిషం తేడాలో రెండు గోల్స్ కొట్టాడు. ఆ రోడ్రిగో ఎక్కడి నుంచి వచ్చాడు? బెంచి మీద నుంచి, క్రూస్ స్థానంలో. కాసేపటికి మోడ్రిచ్, కాసెమిరోలను కూడా బయటికి లాగేశాడు ఈ కనుబొమ్మ మనిషి. మూడు ఛాంపియన్స్ లీగ్‌లు వరసగా గెలిచిన మిడ్‌ఫీల్డ్ మొత్తాన్ని ఒకే సెమీఫైనల్లో కూర్చోబెట్టే గుండె ఎవరికుంటుంది? అదేమో అదృష్టం. వేరే కోచ్ చేస్తే అదే జీనియస్, దాని మీద బాణం గుర్తులతో నలభై నిమిషాల యూట్యూబ్ వీడియో.

కోచ్‌గా 5 ఛాంపియన్స్ లీగ్‌లు. 2003, 2007 మిలాన్‌తో, 2014, 2022, 2024 మాడ్రిడ్‌తో. ఇంకెవరికీ మూడు దాటలేదు. ఇటలీ, ఇంగ్లండ్, ఫ్రాన్స్, జర్మనీ, స్పెయిన్, ఐదు దేశాల లీగ్‌లూ గెలిచిన మొదటి కోచ్. అయినా ఏమీ తెలీదట, ఎందుకంటే టచ్‌లైన్ దగ్గర గెంతులేయడు, సీసాలు తన్నడు, చూయింగ్ గమ్ నములుతూ నిలబడతాడు. మన ఆఫీసుల్లోనూ ఇదే లెక్క కదా. టేబుల్ గుద్ది అరిచే మేనేజర్ తెగ కష్టపడుతున్నట్టు, గొంతు లేపకుండా పని చేయించేవాడు ఖాళీగా కూర్చున్నట్టు. నా అప్రైజల్ సంగతి ఇక్కడ రాయను, బీపీ పెరుగుతుంది.

అసలు వీళ్లలో సగం మందికి ఆయన ఆడాడన్న సంగతే తెలీదు. రెజ్జోలో అనే ఊళ్లో రైతు కొడుకు, పార్మాలో మొదలుపెట్టి 1979లో రోమాకి వెళ్లిన మిడ్‌ఫీల్డర్. 1981లో ఒక మోకాలు పోయింది, ఇటలీ గెలిచిన 1982 వరల్డ్ కప్పు పోయింది. 1983లో రోమాతో లీగ్ గెలిచాడు, అదే ఏడాది చివర రెండో మోకాలు పోయింది. 1984లో రోమా సొంత గ్రౌండ్‌లో యూరోపియన్ కప్ (ఇప్పటి ఛాంపియన్స్ లీగ్) ఫైనల్ ఆడి పెనాల్టీల్లో లివర్‌పూల్‌కి ఓడిపోతుంటే ఈయన ఆడే స్థితిలో లేడు. 1987లో మిలాన్ కొనబోతే డాక్టర్లు ఆ మోకాళ్లు చూసి వద్దన్నారు. కోచ్ అరిగో సాక్కి పట్టుబట్టి తెచ్చుకున్నాడు. 1989 యూరోపియన్ కప్ సెమీస్‌లో అదే మిలాన్ రియల్ మాడ్రిడ్‌ని 5-0తో ఉతికితే, దూరం నుంచి మొదటి గోల్ కొట్టింది ఎవరనుకున్నారు? ఆ ఏడాది, తర్వాతి ఏడాది కప్పులు రెండూ వాళ్లవే. పరుగెత్తలేని మోకాళ్లతో ఆడేవాడు బంతి ఎటు వస్తుందో ముందే లెక్కేసుకోవాలి, లేకపోతే ఆ టీమ్‌లో ఒక్క వారం కూడా నిలవడు. ట్యాక్టిక్స్ తెలీదట!

సాక్కి పేరు ఎత్తాను కదా, ఇక నోరు ఆగదు. ఎందుకంటే ఆంచెలొట్టి మీద నాకూ కోపం ఉంది. మీమ్ గాళ్లకున్న కోపం కాదు, పాత కోపం. దాని పేరు రొబెర్టో బాజ్జో, ఇటలీ ఫార్వర్డ్.

సాక్కి శిష్యుడిగా ఈయనకు 4-4-2 (నలుగురు డిఫెండర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు ఫార్వర్డ్‌లు) పిచ్చి పట్టింది. 1996లో పార్మా కోచ్ అయ్యాక జాన్‌ఫ్రాంకో జోలా లాంటి ఫార్వర్డ్‌ని ఎడమ పక్కకి నెట్టాడు. జోలాని! ఆయన విసిగిపోయి ఆ నవంబర్‌లో చెల్సీకి వెళ్లిపోయాడు, సీజన్ అయ్యేసరికి ఇంగ్లండ్ ఫుట్‌బాల్ రచయితలు ఆ ఏడాది మేటి ఆటగాడు జోలానే అన్నారు. సరే, పార్మా ఆ సీజన్‌లో జువెంటస్ వెనక రెండు పాయింట్ల తేడాతో రెండో స్థానంలో వచ్చింది కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. మరుసటి వేసవిలో బాజ్జో పార్మాకి రావడానికి సిద్ధం. ఆయన అడిగింది ఒక్కటే, ఫార్వర్డ్‌ల వెనక తన చోటు తనకు కావాలని. మన పెద్దమనిషి కుదరదన్నాడు. నా 4-4-2లో అలాంటి చోటు లేదన్నాడు.

ఎవరన్నారయ్యా ఆ మాట? 1994 వరల్డ్ కప్పులో ఇటలీ కోచ్ సాక్కికి అసిస్టెంట్‌గా అదే బెంచి మీద కూర్చున్న మనిషి! నైజీరియా మీద ఓడిపోతున్న మ్యాచ్‌ని చివరి నిమిషాల్లో బాజ్జో లాగేయడం, స్పెయిన్ మీద గోల్, బల్గేరియా మీద రెండు, ఇవన్నీ కొన్ని అడుగుల దూరం నుంచి చూసినవాడు. ఫైనల్ పెనాల్టీ బార్ పై నుంచి పోయిందని ఈ రోజుకీ జనం ఆ ఒక్క కిక్కునే చూపిస్తారు, ఆ ఫైనల్ దాకా మోసుకొచ్చింది ఎవరో మాత్రం చెప్పరు. అది వేరే పోస్టు, ఇంకో రోజు రాస్తాను. బాజ్జో బొలోన్యాకి వెళ్లాడు. ఆ సీజన్ లీగ్‌లో 22 గోల్స్. పార్మా ఎక్కడుందో వెతుక్కోండి.

తర్వాత ఆంచెలొట్టి జువెంటస్‌కి కోచ్‌గా పోతే అక్కడి ఫ్యాన్లు "పంది కోచ్ కాజాలదు" అని రాసి స్వాగతం చెప్పారు. దానికంటే మా గ్రూపు మీమ్ నయమే అనుకోవాలేమో. అక్కడ ఫార్వర్డ్‌ల వెనక ఆడే జిదాన్ ఉన్నాడు కాబట్టి ఈసారి ఫార్ములాకి మనిషిని కుదించకుండా మనిషికి తగ్గట్టు ఫార్ములా మార్చాడు. మరి ఈ జ్ఞానం పార్మాలో ఏమైందండీ? 2001 ఏప్రిల్ 1న జువెంటస్ ఊరు టూరిన్‌కి బాజ్జో కొత్త టీమ్ బ్రెషా వచ్చింది. జువెంటస్ ఒక గోల్ ముందుంది, ఆట ముగియబోతోంది. వెనక నుంచి కుర్రాడు పిర్లో పొడుగు పాస్ వేశాడు, బాజ్జో దాన్ని ఒక్క టచ్‌తో ఆపి, అదే కదలికలో గోల్‌కీపర్‌ని తప్పించి గోల్‌లోకి తోశాడు. 1-1. ఆ సీజన్ చివర రోమా 75, జువెంటస్ 73. రెండు పాయింట్లు, అంతే. టైటిల్ పోయింది, ఆంచెలొట్టి ఉద్యోగమూ పోయింది. ఆ గోల్ ఎప్పుడు పెట్టుకు చూసినా నాకు కడుపు నిండిపోతుంది. ఆంచెలొట్టి ఫ్యాన్‌ని అయ్యుండీ చెబుతున్నాను.

తర్వాత మిలాన్ కోచ్‌గా ఆయన చేసిందంతా నా దృష్టిలో ఆ గోల్‌కి ప్రాయశ్చిత్తమే. ఆ పాస్ వేసిన పిర్లోనే డిఫెన్స్ ముందు కూర్చోబెట్టి, రుయీ కోస్టా, సీడార్ఫ్, తర్వాత కాకా, ఇలా ఫార్వర్డ్‌ల వెనక ఆడే పదో నంబర్ వాళ్లందరినీ ఒకే టీమ్‌లో ఇరికించి ఆడించాడు. 2003 ఫైనల్లో తనని తీసేసిన జువెంటస్‌నే పెనాల్టీల్లో ఓడించాడు. మూడు గోల్స్ ముందుండి లివర్‌పూల్‌కి పోగొట్టుకున్న ఇస్తాంబుల్ 2005 ఫైనల్ గురించి ఎవరూ కామెంట్ పెట్టొద్దు, డిలీట్ చేస్తాను. చెల్సీలో మొదటి సీజన్‌లోనే 103 గోల్స్‌తో లీగూ, ఎఫ్ఏ కప్పూ తెస్తే, మరుసటి ఏడాది రెండో స్థానం వచ్చిందని చివరి మ్యాచ్ ముగిసిన రోజే తీసేశారు. బాయర్న్, నాపోలీ కూడా మధ్యలోనే పంపేశాయి. ఎవర్టన్‌లో పదో స్థానం. ఇవి కూడా ఉన్నాయి, నేనేమీ దాచట్లేదు. వీటిని పట్టుకుని తిట్టినా ఒక అందం ఉండేది. కానీ మా గ్రూపులో వాళ్లకు ఇవి తెలిస్తే కదా.

ఇప్పుడు బ్రెజిల్ కోచ్. 2025 మేలో వెళ్లినప్పుడు కూడా "సాంబా టీమ్‌కి ఇటలీ వాడెందుకు" అని ఇదే గ్రూపులో ఏడ్చారు. బ్రెజిల్ వాళ్లు పిలిచి ఇచ్చిన ఉద్యోగానికి మీ పర్మిషన్ దేనికో నాకు అర్థం కాలేదు.

తిట్టాలని అంత ముచ్చటగా ఉంటే రండి, పార్మా గురించి కూర్చుని తిడదాం. జోలాతో నేనే మొదలుపెడతాను, బాజ్జో దగ్గరికి వచ్చేసరికి మీకు టైమ్ మిగలనివ్వను.