పీఆర్ వచ్చిందిగా, పాత పాస్‌పోర్ట్ రెన్యూ చేయించుకో అనకండి

మొన్న ఉగాది రోజు భోజనాలయ్యాక నలుగురం టీ తాగుతూ నిలబడి ఉంటే మనవాళ్ళ కుర్రాడొకడు వచ్చి మెల్లగా అడిగాడు. అమ్మకి ఆపరేషన్ అయింది, చూడటానికి వెళ్ళాలి, పాస్‌పోర్ట్ గడువు అయిపోయింది, ఏం చెయ్యమంటారన్నా అని. అతను కెనడా వచ్చింది మనలో చాలామందిలా స్టడీ పర్మిట్ మీదో వర్క్ పర్మిట్ మీదో కాదు. ఊళ్ళో ప్రాణానికి ముప్పుందని ఇక్కడ శరణు అడిగి, శరణార్థుల బోర్డు ముందు కేసు గెలిచి, ఆ తర్వాత పీఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే హోదా, తెచ్చుకున్నాడు. "పీఆర్ వచ్చేసిందిగా తమ్ముడూ, ఇంకా భయమేంటి, కాన్సులేట్‌కి అప్లై చేసి రెన్యూ చేయించుకో, ఏం కాదు" అన్నారు ఒకాయన. ఇద్దరు తలూపారు. నాకెక్కడో తేడా కొట్టింది గానీ గట్టిగా తెలియక ఊరుకున్నాను.

ఊరుకున్నందుకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ వారంలోనే ఒక ఇమిగ్రేషన్ లాయర్‌తో గంటసేపు మాట్లాడాను, చట్టం కూడా తెరిచి చదివాను. మేం ఆ కుర్రాడికి ఇచ్చింది అతని పీఆర్ ఊడగొట్టే సలహా. మన ఇళ్ళల్లో, మన వాట్సాప్ గ్రూపుల్లో ఇదే సలహా రోజూ ఎవరో ఒకరు ఇస్తూనే ఉంటారు కాబట్టి ఇది రాస్తున్నాను. ఆ అబ్బాయిని అడిగే రాస్తున్నాను, పేరూ ఊరూ మాత్రం వద్దన్నాడు.

సంగతేంటంటే, 2012 డిసెంబర్ 15 నుంచి ఇక్కడి చట్టం మారింది. శరణార్థిగా వచ్చి పీఆర్ తీసుకున్నవాళ్ళు, ఎవరికి భయపడి వచ్చారో ఆ దేశం రక్షణనే తమంతట తాము మళ్ళీ కోరుకున్నారని బోర్డు తేలిస్తే శరణార్థి హోదా పోతుంది, దాంతోపాటే పీఆర్ కూడా పోతుంది. అంతకుముందు హోదా పోయినా పీఆర్ నిలిచేది. మరి రక్షణ కోరుకోవడం అంటే ఏంటి? పాత దేశం పాస్‌పోర్ట్ తీసుకున్నా, రెన్యూ చేయించుకున్నా, దాని మీద ప్రయాణం చేసినా అలా కోరుకున్నట్టే లెక్కగడతారు, కాదని చూపించుకోవాల్సింది మనిషే. సొంత ఊరికి వెళ్ళకుండా ఆ పాస్‌పోర్ట్‌తో ఇంకో దేశం వెళ్ళొచ్చినా ఈ లెక్కలోకే వస్తుంది. ఓడిపోతే ఇమిగ్రేషన్ అప్పీల్ విభాగానికి వెళ్ళే దారి లేదు, ఫెడరల్ కోర్టు ఒప్పుకుంటే అక్కడ సమీక్ష, అంతే. పదేళ్ళు పన్నులు కట్టి, ఇల్లు కొనుక్కుని, పిల్లలు ఇక్కడే పుట్టి ఇక్కడి బళ్ళోనే చదువుతున్నా ఇదే పరిస్థితి. పైగా మళ్ళీ కొత్తగా శరణు అడగడానికి కూడా వీల్లేదు.

వెళ్ళినప్పుడు ఏమీ కాలేదు కదా, ఎయిర్‌పోర్ట్‌లో ఎవరూ అడగలేదు కదా అంటారు. నిజమే, చాలాసార్లు అప్పుడు ఏమీ కాదు. నాలుగేళ్ళ తర్వాత పౌరసత్వానికి అప్లై చేసినప్పుడు ఎక్కడెక్కడికి వెళ్ళొచ్చారు, ఏ పాస్‌పోర్ట్ మీద వెళ్ళారు అని రాయమంటారు. మనమే మన చేత్తో రాసిచ్చిన కాగితం మీద అప్పుడు బయటపడుతుంది.

ప్రభుత్వం వైపు వాదన నాకు అర్థం కాకపోలేదు. ఆ దేశం నిన్ను కాపాడదని ప్రమాణం చేసి చెప్పావు, మళ్ళీ ఆ దేశాన్నే పాస్‌పోర్ట్ ఎందుకు అడిగావు అన్నది సరైన ప్రశ్నే. తిరిగి వెళ్ళి అక్కడే కాపురం పెట్టినవాడి విషయంలో నేనూ ఒప్పుకుంటాను. కానీ తల్లి చావుబతుకుల్లో ఉంటే నాలుగు రోజులు దాక్కుని వెళ్ళొచ్చినవాణ్ణీ అతన్నీ ఒకే గాటన కట్టడం అన్యాయం. శరణార్థి హోదా పోతే పోయింది, పీఆర్ ఎందుకు పోవాలి? ఆ రెంటినీ కలిపి కట్టిన తాడు 2012లో కట్టింది, విప్పితే విప్పొచ్చు. 2022లో ఫెడరల్ అప్పీల్ కోర్టు, చిన్నపిల్లగా ఉన్నప్పుడే కొలంబియా నుంచి వచ్చిన ఒకామె కేసులో, ఇలా చేస్తే హోదా పోతుందని ఆ మనిషికి నిజంగా తెలుసా లేదా అన్నది కూడా బోర్డు చూడాలని చెప్పింది. కాస్త ఊరటే. కానీ ఎంపీలు మన స్టేజీ ఎక్కి దండలు వేయించుకున్నప్పుడు అమ్మానాన్నల్ని తెచ్చుకునే సూపర్ వీసా గురించి అడుగుతాం గానీ దీని గురించి ఒక్కసారైనా అడిగామా?

మరి వాళ్ళు ప్రయాణం ఎలా చెయ్యాలి? కెనడా ప్రభుత్వమే ఇచ్చే శరణార్థి ట్రావెల్ డాక్యుమెంట్ మీద. మా ఆఫీసులో పనిచేసే శ్రీలంక తమిళ అక్క తనది నా చేతికిచ్చి చూపించింది. నీలం అట్ట, పైన ఎడమ మూలన ఏటవాలుగా రెండు గీతలు. 1951 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చే డాక్యుమెంట్‌కి అదే గుర్తు. లోపల, ఫలానా దేశానికి తప్ప అన్ని దేశాలకీ చెల్లుతుంది అని ఉంటుంది, ఆ ఫలానా దేశం ఆమె పుట్టిన దేశం. అంతర్జాతీయ ప్రమాణంలో శరణార్థికి జాతీయత కోడ్‌గా ఏ దేశం అక్షరాలూ ఉండవు, ఎక్స్‌ఎక్స్‌బి అని ఉంటుంది. ఆ మూడు అక్షరాలు చూసి నాకు కాసేపు మాట రాలేదు.

ఇక్కడ ఇంకో గందరగోళం కూడా ఉంది. పీఆర్ కార్డు పోయి విదేశంలో ఇరుక్కుంటే వీసా ఆఫీసు ఇచ్చే కాగితాన్ని కూడా పీఆర్ ట్రావెల్ డాక్యుమెంట్ అనే అంటారు. అది వేరు, ఇది వేరు. శరణార్థి డాక్యుమెంట్ ఒక్కటే పట్టుకుని వెళ్ళినా తిరుగు విమానం ఎక్కనివ్వరు, గడువున్న పీఆర్ కార్డు కూడా చేతిలో ఉండాలి.

ఈ డాక్యుమెంట్‌ని ప్రతి దేశమూ ఒకేలా చూడదు. వీసా కావాలా, అసలు ఒప్పుకుంటారా అన్నది ఆ దేశం కాన్సులేట్‌ని ముందే అడిగి రాతలో తెప్పించుకోవాలి. ఆ అక్క రెండేళ్ళ క్రితం మాతోపాటు తిరుపతి రావాలని మొక్కుకుంది. మా కెనడా పాస్‌పోర్ట్‌లకి ఈ-వీసా ఇంట్లో కూర్చుని అప్లై చేస్తే వచ్చేసింది. ట్రావెల్ డాక్యుమెంట్ మీద ఈ-వీసా ఇవ్వరు, మామూలు వీసాకే వెళ్ళాలి. ఆమెది మేం బయల్దేరే రోజుకి కూడా రాలేదు. కొండ మీద నుంచి వీడియో కాల్ చేస్తే, "నా పేరు మీద కూడా దణ్ణం పెట్టుకో తమ్ముడూ" అంది.

మనకేం సంబంధం అనుకునేవాళ్ళు ఉంటారు. మా నాయనమ్మ రంగం నుంచి, అంటే బర్మాలోని రంగూన్ నుంచి, 1942లో అడవులు పడి నడిచొచ్చిన మనిషి, చంకలో మా పెదనాన్న, కొంగున కట్టిన కొన్ని రూపాయలు, కాగితం ముక్క ఒక్కటి లేదు. విశాఖలో ఇవాళ్టికీ బర్మా క్యాంపు ఉంది. ఇక్కడ మన సంఘంలోనూ ఆ కుర్రాడిలాంటివాళ్ళు ఉన్నారు, మనం ఏమనుకుంటామో అని బయటికి చెప్పుకోరు, అందుకే తప్పుడు సలహా ఇచ్చినా ఎదురు అడగరు.

కాబట్టి మన సంఘం కమిటీని అడుగుతున్నాను, ఏటా పెట్టే టాక్స్ సెషన్‌లాగే ఒక శనివారం దీని మీద ఇమిగ్రేషన్ లాయర్‌ని పిలిపించండి, పేర్లు రాయించుకోకుండా ఎవరైనా వచ్చి వినేలా పెట్టండి. ఇప్పటికే పాత పాస్‌పోర్ట్ రెన్యూ చేయించుకున్నవాళ్ళు ఉంటే టెన్షన్ పడి ఏదో ఒకటి చెయ్యొద్దు, దాని మీద ఇక ప్రయాణం చెయ్యొద్దు, పౌరసత్వం ఫారం నింపేముందే లాయర్‌ని కలవండి. ఏ ఇబ్బందీ లేనివాళ్ళు మాత్రం రోజులు నిండగానే పౌరసత్వానికి అప్లై చెయ్యండి, ఒక్క నెల కూడా వాయిదా వెయ్యకండి. అయిదేళ్ళలో 1095 రోజులు ఇక్కడ ఉండాలి, శరణార్థి హోదా వచ్చాక పీఆర్‌కి ముందు గడిపిన రోజులు కూడా సగం చొప్పున 365 వరకు కలుస్తాయి, ఇది చాలామందికి తెలియదు. పౌరసత్వం వచ్చాక ఈ హోదా రద్దు కత్తి మెడ మీద ఉండదు.

లాయర్‌తో మాట్లాడిన రోజే ఆ కుర్రాడికి ఫోన్ చేశాను. రెన్యూవల్ ఫారం నింపేశాడు, ఫీజు కట్టలేదు, అంతవరకే ఆగింది. ఇప్పుడు ట్రావెల్ డాక్యుమెంట్‌కి అప్లై చేశాడు. అది ఇండియాకి పనికిరాదు కాబట్టి, అమ్మే ఇంకో దేశం వచ్చి కలిసేలా చూస్తున్నారు. ఆవిడ ఎప్పుడూ విమానం ఎక్కలేదు, ఇన్నేళ్ళలో పాస్‌పోర్ట్ అవసరమే రాలేదు. కిందటి నెల వాళ్ళ మేనల్లుడు పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి తీసుకెళ్ళి వేలిముద్రలు, ఫోటో ఇప్పించాడు. పోలీస్ వెరిఫికేషన్ ఇంకా అవ్వలేదు.